తెర పక్కన కూర్చుని కథ చెప్పే మనిషి



ఇంట్లో సినిమా నడుస్తుంటే పక్కన కూర్చుని కథ చెప్పే మనిషి ఒకరుంటారు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. “ఇగో, గిప్పుడు వాడొస్తడు సూడు.” “గీమెనే వాళ్లక్క.” “ఆగు, అసలు సంగతి ఇంకా ముందుంది.” మనకు ఒళ్లు మండుతుంది. “జర ఊకోరాదూ!” అని కసురుకుంటాం. ఇవాళ నేను ఆ మనిషి తరఫున నాలుగు మాటలు చెప్పడానికి వచ్చాను. ఎందుకంటే పోయిన శని, ఆదివారాల్లో ఆ మనిషిని నేనే. సినిమాలు నాలుగు. గొంతు బొంగురుపోయేదాకా కథ చెప్పాను.

ముందు మా సంగతి కొంచెం వినండి. నేనుండేది కోరుట్లలో. మా అక్కను ఇచ్చింది జగిత్యాలలో. చిన్నమ్మ వాళ్లది సిరిసిల్ల. అక్క కొడుకు, అంటే నా మేనల్లుడు, డిగ్రీ చదువుతున్నాడు. వాడికీ నాకూ కలిసిన పిచ్చి ఒకటుంది. జపాన్ వాళ్ల బొమ్మల సినిమాలు. యానిమే అంటారే, అవి. పిచ్చి ఒకటే గానీ రుచులు వేరు. వాడికి కత్తులు ఝళిపించాలి, రాక్షసులు రావాలి, ఆకాశం రెండు ముక్కలు కావాలి. నాకేమో నెమ్మదిగా నడిచే సినిమా కావాలి. తెర మీద ఒక మనిషి చాయ్ తాగుతుంటే, ఆ చాయ్ అయిపోయేదాకా కెమెరా కదలకూడదు. ఆర్ట్ సినిమాలన్నా అందుకే ఇష్టం. మా అల్లుడు వాటిని నిద్రమాత్రలంటాడు. కొట్లాడి కొట్లాడి ఒక ఒప్పందానికి వచ్చాం. యానిమే రెండు, ఆర్ట్ సినిమాలు రెండు. శనివారం రాత్రి కోరుట్లలో మా ఇంట్లో. ఆదివారం సిరిసిల్లలో చిన్నమ్మ ఇంట్లో.

వాడి తరానికి యానిమే కొత్తేం కాదు. టీవీలో షించాన్ తెలుగులో అల్లరి చేస్తుంటే చూస్తూ అన్నం తిన్న పిల్లలు వాళ్లు. థియేటర్ సంగతే వేరు. 2019లో మకోతో షింకాయ్ తీసిన ‘వెదరింగ్ విత్ యు’ మన దేశంలో విడుదల చేయండని అభిమానులు ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించాల్సి వచ్చింది. వేలమంది పెట్టారు. ఆ అక్టోబర్‌లో సినిమా వచ్చింది. అదే 2025 సెప్టెంబర్‌కల్లా ‘డీమన్ స్లేయర్, ఇన్ఫినిటీ క్యాసిల్’ ఏకంగా తెలుగు మాటలతో థియేటర్లలోకి దిగింది. ఆరేళ్లలో ఎంత తేడా! మా అల్లుడు అది చూసొచ్చి వారం రోజులు మామూలు మనిషి కాలేదు.

కానీ మేం పెట్టుకున్న సినిమాల్లో మూడింటికి తెలుగు మాటల్లేవు. అంతా జపాన్ భాష, కింద ఇంగ్లీషు అక్షరాలు. చిక్కు అక్కడొచ్చింది. ఎందుకంటే, మేమిద్దరమే చూడాలనుకున్న సినిమా ముందు మా అమ్మ వచ్చి కూర్చుంది.

మా అమ్మ బీడీలు చేస్తుంది. మా వైపు శ్రోతలకు ఇది విడమరిచి చెప్పే పనిలేదు. ఒళ్లో చాట. చాటలో తంబాకు. పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. కత్తెర. దారం. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టి పడేస్తుంది. కళ్లు మాత్రం టీవీ మీదే ఉంటాయి. వేళ్లకు కళ్లతో పనిలేదు. “ఏం సిన్మరా అది? నాగ్గూడ జెప్పు” అంది. అంతే. నా ఉద్యోగం మొదలైంది.

మొదటి సినిమా నాది. ‘ఓన్లీ యెస్టర్‌డే’. 1991లో వచ్చిన బొమ్మల సినిమా. తీసినాయన ఇసావో తకాహతా. ఘిబ్లీ స్టూడియో అని మీరు విని ఉంటారు, దాని మూలస్తంభాల్లో ఒకరు. కథ చాలా చిన్నది. తయెకో అనే అమ్మాయి టోక్యోలో ఆఫీసు పని చేస్తుంటుంది. ఇరవై ఏడేళ్లు వచ్చాయి, పెళ్లి కాలేదు. సెలవు పెట్టి, యమగత అనే పల్లెటూళ్ల వైపు కుసుమపూలు కోయడానికి వెళ్తుంది. రైల్లో పోతుంటే అయిదో తరగతి నాటి జ్ఞాపకాలు ఒక్కొక్కటీ ఎదురొస్తుంటాయి. ఇంతే కథ.

అందులో అనాసపండు ఘట్టం ఒకటుంది. వాళ్ల నాన్న ఒక అనాసపండు తెస్తాడు. ఆ ఇంట్లో ఎవరూ డబ్బాలో ముక్కలే తప్ప పచ్చి పండు చూసినవాళ్లు కాదు. ఎలా కోయాలో తెలియదు. పండును అలాగే పెట్టుకుని ఎదురుచూస్తారు. తర్వాత ఒకనాడు అక్క కోసే పద్ధతి కనుక్కుని వస్తుంది. అందరూ చుట్టూ కూర్చుంటారు. కోస్తారు, తింటారు. గట్టిగా ఉంటుంది, తీపి ఉండదు. ఒక్కొక్కళ్లే పక్కన పెట్టేస్తారు. చిన్నపిల్ల తయెకో ఒక్కతే పట్టుదలగా నములుతూ కూర్చుంటుంది. రుచి కోసం కాదు. ఇంతసేపు ఆశపడింది కదా, అందుకు.

నేనిది చెప్తుంటే అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “మీ నాయిన మస్కట్ నుంచి టాంగ్ డబ్బ తెచ్చింది యాదికున్నదా? నీళ్లల్ల కలుపాలెనని ఎవ్వనికి తెల్వది. నువ్వు ఉత్త పొడి బుక్కినవ్. మూతంత పసుపుపచ్చ!” నాకు గుర్తులేదు. కానీ మా అల్లుడికి ఆ రాత్రంతా నన్ను ఏడిపించడానికి సరుకు దొరికింది.

తర్వాత కుసుమపూలు. ఇక్కడ సినిమా వేగం ఇంకా తగ్గుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్లు చేలో దిగుతారు. మంచుకు ముళ్లు మెత్తబడి ఉంటాయి కాబట్టి ఆ వేళకే కోయాలి. ఎండ ఎక్కితే ముల్లు బిరుసెక్కుతుంది. పసుపుపచ్చ పూలను కోసి, కడిగి, నలిపి, మగ్గబెట్టి, ఉండలు చేసి ఆరబెడితే, చివరకు అందులోంచి ఎర్ర రంగు వస్తుంది. పెదాలకు పూసుకునే ఎరుపు. ఆ పూలు కోసిన పల్లె పిల్లలు మాత్రం ఆ ఎరుపును ఎన్నడూ పూసుకుని ఎరగరట. సినిమాలో తయెకో చెప్తుంది ఈ మాట.

“కుసుమలా? అబ్బో, ముండ్లు గదరా” అంది అమ్మ. మన దగ్గరా ఒకప్పుడు జొన్నచేలోకి పశువులు పడకుండా చుట్టూ కుసుమలు వేసేవాళ్లు. అది ఆమెకు తెలుసు. కాసేపు చూసి అడిగింది: “కూలెంతనట?”

సినిమా ఆ మాట చెప్పదమ్మా అన్నాను. “మరి గదే గదా సెప్పాలె” అంది.

నేను ఈ సినిమా గురించి చాలా వ్యాసాలు చదివాను. జ్ఞాపకాల గురించి రాశారు, బాల్యం గురించి రాశారు, రంగుల గురించి రాశారు. కూలి ఎంత అని నేను చదివినవాటిలో ఒక్కరూ అడగలేదు. వెయ్యి బీడీలకు ఎంత అన్న లెక్క మీద బతుకు నడిపిన మనిషికి తట్టిన మొదటి ప్రశ్న అదే.

మా అల్లుడికి ఇంకో ఫిర్యాదు. “ఏంది మామా, ఆమె నవ్వితే ముఖం మీద గీతలేంది? ముసలోళ్ల లెక్క!” దానికి కారణం ఉంది. మామూలుగా యానిమేలో ముందు బొమ్మలు గీస్తారు, తర్వాత గొంతు కలుపుతారు. తకాహతా ఈ సినిమాలో పెద్దవాళ్ల పాత్రలకు తిరగేశాడు. ముందు నటులతో మాటలు చెప్పించి రికార్డు చేశాడు. ఆ మాటలకు, ఆ నవ్వుకు చెంప ఎలా కదులుతుందో చూసి గీయించాడు. అందుకే నవ్వితే చెంప మీద గీత పడుతుంది. మనుషులకు పడినట్టే. మళ్లీ చెప్తున్నాను, ముందు గొంతు, తర్వాత బొమ్మ. ఇది గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్లీ పని పడుతుంది.

సరే, పక్కన కూర్చుని కథ చెప్పే మనిషి సంగతికి వద్దాం. జపాన్‌లో ఒకప్పుడు అది జీతమిచ్చే కొలువు. మూకీ సినిమాల కాలంలో ప్రతి థియేటర్‌లో తెర పక్కన ఒక మనిషి నిలబడేవాడు. బెన్షి అనేవారు. బొమ్మ నడుస్తుంటే కథ చెప్తాడు, అందరి గొంతులూ తనే మాట్లాడతాడు, ఏడిపిస్తాడు, నవ్విస్తాడు. తారల కంటే బెన్షి పేరు చూసి టికెట్ కొన్నవాళ్లున్నారు. మాటల సినిమాలు వచ్చాక ఆ కొలువులు పోయాయి. ‘సెవెన్ సమురాయ్’ తీసిన కురొసావా ఉన్నాడే, ఆయన అన్న హెయిగో బెన్షి. తమ్ముడికి సినిమాల రుచి చూపించిందీ ఆయనే. 1933లో ఆత్మహత్య చేసుకున్నాడు.

అమ్మకు ఇదీ చెప్పాను. “పాపం” అంది. చెయ్యి మాత్రం ఆగలేదు.

రెండో సినిమా ‘టోక్యో స్టోరీ’. 1953 నాటిది, నలుపు తెలుపు. తీసింది యసుజిరో ఓజు. ఒనొమిచి అనే ఊళ్లో ఒక ముసలి జంట. పిల్లల్ని చూద్దామని టోక్యో పోతారు. పెద్దకొడుకు డాక్టరు, తీరిక లేదు. కూతురికి జుట్టు అలంకరించే దుకాణం ఉంది, ఆమెకూ తీరిక లేదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య, నొరికో, ఆమె ఒక్కతే పని మానుకుని వీళ్లను ఊరంతా తిప్పుతుంది. ముసలాళ్లు తిరిగి ఇంటికి పోతారు. ఆ తర్వాత కొద్ది రోజులకే తల్లి చనిపోతుంది. పిల్లలు వస్తారు, కర్మలు చేస్తారు, వెళ్లిపోతారు.

సినిమా మొదలై కాసేపు కాలేదు, అమ్మ అడిగింది: “ఈ సిన్మ తీసినాయిన కింద కూసోని తీసిండా ఏంది?”

నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. అవునండీ. ఓజు కెమెరాను నేలకు దగ్గరగా పెట్టి తీశాడు. చాప మీద కూర్చున్న మనిషి కంటికి ఇల్లు ఎలా కనిపిస్తుందో అలా. ఆ కెమెరా ఎత్తు గురించి పండితులు పేజీలకు పేజీలు రాశారు. నేను అవి చదివాకే తెలుసుకున్నాను. రోజంతా కింద కూర్చుని పనిచేసే మా అమ్మకు ఏ పుస్తకమూ అక్కర్లేకపోయింది.

ఇంకోటి వినండి. ఆ కూతురుంది చూశారా, షిగే. తల్లి అంత్యక్రియలు అయ్యీ అవకముందే, అమ్మ కిమోనో నాకు గుర్తుగా కావాలి అని అడుగుతుంది. భోజనాల దగ్గరే అడుగుతుంది. నేను ఈ సినిమా ఎప్పుడు చూసినా షిగే మీద కోపం వస్తుంది. నాకే కాదు, చూసినవాళ్లలో చాలామందికి వస్తుంది. అమ్మకు రాలేదు. “దాని దుకాణం దానికున్నది. బందువెట్టుకోని ఎన్ని దినాలుంటది? వచ్చింది గద” అంది. కాసేపాగి, “మీ పెద్దనాయిన పోయినప్పుడు మీ అన్న దుబాయ్ నుంచి ఫోన్లనే సూసిండు. వాన్ని ఏమన్న అన్నమా?” అంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడు చోట్లా గల్ఫ్ పోయిన మనిషి లేని వాడ దొరకదు. సాగనంపడం, ఎదురుచూడడం, చివరి చూపుకు అందకపోవడం ఇక్కడి ఇళ్లల్లో జరిగే సంగతులే. ఇలాంటి చోట షిగేను తిట్టడం అంత తేలిక కాదు. ఆ మాటకొస్తే ఓజు కూడా తిట్టలేదు. సినిమా చివర్లో ఇంటి చిన్నకూతురు అక్క మీద మండిపడితే, నొరికో ఆమెకు సర్దిచెప్తుంది. ఎవరి బతుకు వాళ్లదవుతుంది, పిల్లలు తల్లిదండ్రుల నుంచి అలా జరిగిపోతారు అంటుంది. నొరికో వైపు నిలబడ్డాననుకుంటూ ఇన్నాళ్లూ షిగేను తిట్టుకున్నాను. నిజంగా నొరికో వైపున్నది మా అమ్మ.

మా అల్లుడు అప్పటికే నిద్రపోయాడు. నిద్రమాత్ర పనిచేసింది.

ఆదివారం అమ్మను కూడా తీసుకుని సిరిసిల్ల పోయాం. చిన్నమ్మ ఉండే వాడలో ఏ పక్కకు తిరిగినా సాంచాల చప్పుడే. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కొత్తగా వెళ్లినవాళ్లకు చెవులు దిబ్బళ్లు పడతాయి. వాళ్లకేమో ఆ చప్పుడులోనే నిద్ర, ఆ చప్పుడులోనే చదువు. మా చిన్నాయన ఆసామి. యజమాని దగ్గర నూలు తెచ్చుకుని సొంత సాంచాల మీద బట్ట నేసి ఇస్తాడు. చిన్నమ్మ కండెలు చుట్టి చుట్టి ఇప్పుడు మోకాళ్ల నొప్పులని మానేసింది.

అక్కడ మా అల్లుడి సినిమా పెట్టాం. ‘యువర్ నేమ్’. షింకాయ్‌దే, 2016. కొండల మధ్య పల్లెలో ఒక అమ్మాయి, టోక్యోలో ఒక అబ్బాయి. నిద్రలో ఒకరి ఒంట్లోకి ఒకరు మారిపోతుంటారు. ఆకాశం నుంచి తోకచుక్క దిగుతుంటుంది. కుర్రవాళ్లు కళ్లల్లో నీళ్లు పెట్టుకునే సినిమా. కథ మొత్తం చెప్పను, చూడనివాళ్లుంటారు.

అందులో ఆ అమ్మాయి అమ్మమ్మ ఒక ముసలావిడ. మనవరాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రంగురంగుల దారాలతో తాడు అల్లుతుంది. గుండ్రటి చెక్కపీట. దాని నడిమధ్యన రంధ్రం. చుట్టూ దారాలు వేలాడుతుంటాయి. ప్రతి దారం చివరా చెక్కతో చేసిన బరువు. ఒక దారం ఇటు వేస్తే ఇంకోటి అటు వేస్తుంది. బరువులు ఒకదానికొకటి తగిలి టక్ టక్‌మంటాయి.

“ఆపు, ఆపు” అన్నాడు చిన్నాయన. సినిమా ఆపాం. దగ్గరికి వచ్చి తెర మీద ఆ ముసలామె చేతులు చూశాడు. “పడుగు లేదు, పేక లేదు. మరి బిగువెట్లొస్తంది? ... ఆఁ, గీ బరువులతోని. మన సాంచకు ఎనుక బీముకు ఇనుప బరువులు గడ్తం సూడు, గట్లనే.” నేను ఇన్నాళ్లూ ఆ చెక్కబరువులు అందానికనుకున్నాను. దారాన్ని బిగువుగా ఉంచేవి అవే. మళ్లీ నడపమన్నాడు. మళ్లీ ఆపమన్నాడు. మా అల్లుడు తల పట్టుకున్నాడు. తోకచుక్క రావడానికి ఇంకా చాలా టైముంది మరి.

ఆ అమ్మమ్మ ఒక మాట చెప్తుంది. రెండు వందల ఏళ్ల కింద చెప్పులు చేసే ఒకాయన ఇంట్లో మంటలు లేచి ఊరంతా కాలిపోయింది. గుడి కాలిపోయింది, పాత కాగితాలు కాలిపోయాయి. ఈ అల్లికల్లో ఏ వరసకు ఏం అర్థమో చెప్పే రాతలన్నీ పోయాయి. అర్థం పోయినా అల్లడం మాత్రం ఆపలేదు.

నేను దీన్ని తెలుగులో చెప్పాక చిన్నాయన చాలాసేపు ఏం అనలేదు. తర్వాత వాళ్ల నాన్న మగ్గం గురించి చెప్పాడు. వాళ్ల నాన్న చేతిమగ్గం మీద నేశాడు. ఈయన పాలిస్టర్ నేశాడు, 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వస్తే అవి నేశాడు. ఏది నేయాలో చెప్పేది ఆర్డరే. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు సిరిసిల్ల. ఆ పనితనం చేతుల్లో ఉన్నా, రోజూ సాంచా మీద నడిచేది మీటర్ల లెక్క.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. హయావో మియజాకీ పేరు విన్నారు కదా, ‘స్పిరిటెడ్ అవే’ తీసినాయన. ఒకసారి అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌తో మాట్లాడుతూ ఆయన చప్పట్లు కొట్టి చూపించాడు. రెండు చప్పట్ల మధ్య ఖాళీ ఉంటుంది చూశారా, సినిమాకు అదీ కావాలన్నాడు. నా వంటి అభిమానులం దాన్ని మంత్రంలా చెప్పుకుంటాం. నిశ్శబ్దం గొప్పది, ఖాళీ గొప్పది అని. ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి వాడలో సాంచాలు ఆగిపోయాయి. కరెంటు పోయింది. మా ల్యాప్‌టాప్ మాత్రం నడుస్తోంది. ఒక్కసారిగా సినిమాలో ప్రతి చిన్న చప్పుడూ వినిపించడం మొదలైంది. నాకు హాయిగా ఉంది. చిన్నాయన లేచి వాకిట్లోకి పోయాడు. పక్కింటాయనా బయటికొచ్చాడు. సిరిసిల్లలో సాంచా ఆగితే ఎవరికీ హాయి ఉండదు. ఆర్డర్లు లేక నెలల తరబడి ఆగిన రోజులు చూసినవాళ్లు వాళ్లు. మియజాకీ మాట తప్పని నేననను. సినిమా చూసే మనిషికి అది నిజమే. కానీ ఆ నిశ్శబ్దం ఎవరి ఇంటి ముందు పడిందన్నది కూడా చూడాలి.

కరెంటు వచ్చాక, అంతసేపూ మంచం మీద పడుకుని వింటున్న అవ్వ మాట్లాడింది. చిన్నాయన తల్లి. ఎనభై దాటాయి. “మా చిన్నప్పుడు గిట్లనే జెప్పేటోళ్లు. పటం గట్టి. కూనపులోళ్లు.”

కొందరు శ్రోతలకు తెలిసే ఉంటుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కథకులు కూనపులివారు. పొడుగాటి బట్ట మీద కథంతా బొమ్మలుగా గీయించుకుని తెచ్చేవాళ్లు. ఎర్రటి నేల, దాని మీద వరసలు వరసలుగా బొమ్మలు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసేవారు. రాత్రిపూట పటం వేలాడదీసి, చుట్ట విప్పుకుంటూ, కర్రతో ఒక్కో బొమ్మ మీద పెట్టి కథ చెప్పడం, పాడడం. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. మళ్లీ చెప్తాను: బొమ్మలు వరసగా కదిలొస్తుంటాయి, పక్కన ఒక మనిషి గొంతు ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ఇది యానిమే కాక ఇంకేమిటి?

ఇది నా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. ‘ఓన్లీ యెస్టర్‌డే’ తీసిన తకాహతా 1999లో ఒక పుస్తకం రాశాడు. జపాన్‌లో పన్నెండో శతాబ్దం నాటి బొమ్మల చుట్టలున్నాయి. చుట్ట విప్పుతూ పోతే కథ కదులుతుంది. ఆ చుట్టల్లోనే యానిమేషన్ లక్షణాలున్నాయని ఆ పుస్తకంలో వాదించాడు. 1930ల్లో జపాన్ వీధుల్లో సైకిల్ మీద చెక్కపెట్టె పెట్టుకుని తిరిగే కథకులుండేవాళ్లు. చెక్కలు టకటకలాడిస్తే పిల్లలు మూగేవాళ్లు. ముందు మిఠాయి అమ్మడం, తర్వాత పెట్టెలో కాగితపు బొమ్మలు ఒక్కొక్కటీ లాగుతూ కథ చెప్పడం. అట్లాంటి బొమ్మలు గీసిన చేతులు కొన్ని తర్వాత కామిక్స్ వైపు వెళ్లాయి. వాళ్లు తమ చుట్టను విప్పుకుంటూ సినిమా దాకా వచ్చారు. మన పటం మ్యూజియం గోడ దాకా వచ్చింది. నాకు ఇది బాధగానే ఉంది, దాచుకోను.

నలుగురూ కలిసి చూసే అలవాటు మాత్రం మన దగ్గర పోలేదు. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన ‘బలగం’ 2023లో వచ్చినప్పుడు ఊళ్లల్లో తెరలు కట్టి చూపించారు. వాకిట్లో కూర్చుని ఊరంతా కలిసి ఏడ్చారు. చివర్లో బుడగజంగాల కథకులు పాడిన పాటకు ఏడ్చారు. అంటే అక్కడ కూడా, కథ చెప్పే మనిషి వచ్చి నిలబడ్డాకే.

ఇక నాలుగో సినిమా. ‘దాసి’. బి. నర్సింగరావు తీశారు, 1988. తెలుగే కాబట్టి నాకు పనిలేదనుకున్నాను. 1920ల నాటి తెలంగాణ గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. అందులో కమలాక్షి అనే దాసి. అర్చన వేశారు, ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. సినిమాలో మాటలు చాలా తక్కువ. చీపురు చప్పుడు, నీళ్ల చప్పుడు, తలుపు చప్పుడు. పని తర్వాత పని.

మాటలు లేని చోట అవ్వ మొదలుపెట్టింది. “గదిగో, గా తలుపు పక్కకే నిలవడాలె. లోపటికి రావద్దు. పిలిచినంక పోవాలె, మొఖం సూడద్దు.” చిన్నప్పుడు వాళ్లమ్మతో గడీకి పోయిన రోజులు. ఏ గడీ, ఏ దొర అని ఆమె చెప్పింది గానీ నేనిక్కడ చెప్పను. తెర మీద కమలాక్షి నడుస్తుంటే, తర్వాత ఏం చేయాలో అవ్వ ముందే చెప్తోంది. చెప్పినట్టే జరుగుతోంది. ఆమె ఆ సినిమా అంతకుముందు చూసింది కాదు.

నేను నోరు మూసుకుని విన్నాను. మా అల్లుడు నిద్రపోలేదు.

ఈ ప్రాంతంలో ఆ సినిమా దూరపు కథేం కాదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. దొరల మీద రైతుకూలీలు కదిలారు. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ‘దాసి’ వచ్చింది దానికి పదేళ్ల తర్వాత.

‘దాసి’కి కళా దర్శకత్వానికి కూడా జాతీయ అవార్డు వచ్చింది. ఎవరికో తెలుసా? తోట వైకుంఠం గారికి. మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు. ఆయన బొమ్మలు మీరు చూసే ఉంటారు. నల్లటి ఒళ్లు, పెద్ద బొట్టు, ఎర్రచీర, పసుపు రవిక, నిండైన తెలంగాణ ఆడవాళ్లు. ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. ఆ గీతలు గీసిన చేయి ఈ గడీలో కుండలనూ గోడలనూ సర్దింది. ఇంతకుముందు ఒక మాట గుర్తుపెట్టుకోమన్నాను కదా, ముందు గొంతు, తర్వాత బొమ్మ అని. నాకు ఆదివారం సాయంత్రం పట్టుకున్న ఊహ ఇది. అవ్వ గొంతును రికార్డు చేయాలి. ఆ గొంతుకు చెంప ఎలా కదిలితే అలా బొమ్మ గీయాలి. వైకుంఠం గారి గీతలాంటి గీతతోనో, చేర్యాల ఎరుపుతోనో. తకాహతా పద్ధతి, సిరిసిల్ల గొంతు. ఇలాంటి సినిమా ఎవరైనా తీస్తే మొదటి టికెట్ నాది.

మా అల్లుడితో అంటే, “ముందు అవ్వ గొంతయితే రికార్డు చేద్దాం మామా, సిన్మ తర్వాత” అని ఫోన్ తీశాడు. వాడికి అప్పుడప్పుడు బుర్ర పనిచేస్తుంది. సాంచాల చప్పుడు కూడా అందులో పడింది. పడనీ అన్నాడు చిన్నాయన.

తిరిగి వస్తుంటే బస్సులో వాడు అమ్మకు తన ‘డీమన్ స్లేయర్’ గురించి మొదలుపెట్టాడు. “అమ్మమ్మా, అండ్ల అన్ని తెలుగు మాటలే. మామతోని పనిలేదు.” అమ్మకు రాక్షసుల మీద ఆసక్తి లేదు. “వాడు ముందునుంచే రాక్షసుడా?” అని అడిగింది. కాదన్నాడు వీడు. అకజా అని ఒకడు, వాడు మనిషిగా ఉన్నప్పుడు తండ్రికి జబ్బు చేస్తే మందుల కోసం దొంగతనాలు చేసేవాడని చెప్పాడు. “మందులకా?” అంది అమ్మ. కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి వాడివైపు తిరిగింది. “ఎవ్వలు సాయం జెయ్యలేదా? తల్లి లేదా వానికి? మొదటికెల్లి జెప్పు.” వీడు మొదటినుంచి ఎత్తుకున్నాడు. ముందు సీటాయన కూడా చెవి ఇటే వేశాడు. కోరుట్ల వచ్చినా కథ అవలేదు. జగిత్యాలలో దిగాల్సిన వాడు దిగకుండా మాతో వచ్చాడు. మా అక్క ఫోన్ చేసి నన్ను తిట్టింది.